మొదటి కుదుపు మన చేతిలో లేదు

ఫోన్ తెరిస్తే గడ్డమున్న పాలరాతి విగ్రహం ఒకటి ఉరిమి చూస్తూ కనిపిస్తుంది. కింద ఒకటే మాట: దేనికీ చలించకు. దాని వెనకే చన్నీళ్ళ స్నానాలు, తెల్లవారుజామున నాలుగింటికి లేవడాలు, ఎవరేమన్నా ముఖం మీద గీత కూడా కదలనివ్వకపోవడాలు వరస కడతాయి. ప్రాచీన గ్రీసులో పుట్టి రోములో వ్యాపించిన స్టోయిక్ తత్వం పేరుతో ఈమధ్య ఎక్కువగా చెల్లుబాటవుతున్న సరుకు ఇదే. ఆ విగ్రహం చాలాసార్లు మార్కస్ ఆరీలియస్‌దే అయి ఉంటుంది. క్రీ.శ. 161 నుంచి 180 దాకా రోమన్ చక్రవర్తిగా ఉన్న ఆయన తన కోసం రాసుకున్న నోటుపుస్తకంలో ఐదో భాగం ఎలా మొదలవుతుందంటే, పొద్దున్నే లేవబుద్ధి కాని మనిషి తనతో తాను పడే గొడవతో. మనిషిగా చెయ్యాల్సిన పని ఉంది, లేవాలి అని ఒక గొంతు అంటుంది. ఇక్కడే హాయిగా ఉంది కదా అని ఇంకో గొంతు గునుస్తుంది. నాలుగింటికి లేవండి అని జనాన్ని అదిలించే వీడియోల మీద ఈయన బొమ్మ వేయడం చూస్తే నాకు నవ్వొస్తుంది.

నాకు ఆ సరుకుతో పేచీ ఉంది. చలించకపోవడమే గొప్ప అనుకుని మొదలుపెట్టినవాళ్ళు రెండు రకాలుగా తేలతారు. కొందరు నాలుగు రోజులు బిగపట్టి, ఐదో రోజు ఇంట్లోవాళ్ళ మీద విరుచుకుపడి, ఇది మన వల్ల అయ్యే పని కాదని వదిలేస్తారు. ఇంకొందరికి బిగపట్టడం నిజంగానే వచ్చేస్తుంది. వాళ్ళ పక్కన కూర్చుని పది నిమిషాలు మాట్లాడటం కష్టం. స్టోయిక్కులు అడిగింది ఈ రెండూ కాదు. రోజులో మనసును పక్కకు లాగే కుదుపులు ఎన్నో వస్తాయి, వాటిని రాకుండా ఆపడం ఎవరి తరమూ కాదు అని వాళ్ళు ముందే ఒప్పుకున్నారు. కుదుపు వచ్చాక మనం దానికి 'సరే' అనే ముందు కొంచెం వ్యవధి ఉంటుంది. వాళ్ళ సాధనంతా ఆ కాస్త వ్యవధి కోసమే. దాన్ని కొంచెం వెడల్పు చేసుకోగలిగితే చాలు, రోజు గాడిలో పడుతుంది. నేను చెప్పదలుచుకున్నది ఇంతే. కాకపోతే దీనికి సాక్ష్యం చూపించాలి.

సాక్ష్యం ఒక ఓడలో ఉంది. రెండో శతాబ్దపు రోమన్ రచయిత ఆలస్ గెలియస్ తన కళ్ళతో చూసినట్టుగా రాశాడు. గ్రీసు వైపు కాసియోపా రేవు నుంచి ఇటలీలోని బ్రుండిసియంకు పోతుంటే సముద్రం రేగింది. రాత్రంతా గాలి, ఓడలోకి నీళ్ళు, జనం ఏడుపులు. ఆ ఓడలోనే ఏథెన్స్‌లో మంచి పేరున్న స్టోయిక్ గురువు ఒకాయన ఉన్నాడు. ఈయన ఎలా ఉన్నాడో చూద్దామని గెలియస్ అటు తిరిగాడు. ఆయన కేకలు పెట్టడం లేదు, ఏడవడం లేదు. ముఖం మాత్రం అందరి ముఖాల్లాగే పాలిపోయి ఉంది. పొద్దున గాలి తగ్గాక ఆసియా నుంచి వచ్చిన డబ్బున్న ప్రయాణికుడొకడు గురువు దగ్గరికి వచ్చి దెప్పాడు: నేను భయపడలేదు, నా రంగూ మారలేదు, తత్వవేత్తవి నీకేమైంది? ఆయన వాడికి ఒక చురక అంటించి పంపేశాడు. తర్వాత గెలియస్ మర్యాదగా, తెలుసుకోవాలని అడిగితే సంచీలోంచి ఒక పుస్తకం తీసి ఇచ్చాడు. బానిసగా బతికి, తర్వాత స్టోయిక్ గురువైన ఎపిక్టెటస్ ప్రసంగాల్లో ఐదో భాగం అది. ఆ ప్రసంగాలను శిష్యుడు అరియన్ రాసిపెట్టాడు. మొత్తం ఎనిమిది భాగాలంటారు. మనదాకా వచ్చినవి నాలుగే. ఐదో భాగం పోయింది. అందులోని ఈ ముక్క మాత్రం గెలియస్ తన పుస్తకంలో ఎక్కించుకోబట్టి మిగిలింది.

అందులో ఉన్నది ఇది. పెద్ద చప్పుడు వినబడినా, ఏదో కూలినా, ప్రమాదం వార్త వచ్చినా జ్ఞాని కూడా ఒక్క క్షణం అదురుతాడు, ముడుచుకుంటాడు, రంగు మారతాడు. అదేదో చెడు జరిగిపోతోందని అతను తీర్మానించుకున్నందువల్ల కాదు. బుద్ధి మేలుకునేలోపే శరీరం కదిలిపోతుంది, అంతే. తేడా ఆ తర్వాత. అవివేకి ఆ అదురుకు ఒప్పుకుని, ఇది నిజంగానే ఘోరం అని ముద్ర వేస్తాడు. జ్ఞాని ముద్ర వేయడు.

రోమన్ స్టోయిక్ రచయిత సెనెకా కోపం గురించి రాసిన పుస్తకంలో ఇదే మాట ఇంకొంచెం విడమర్చాడు. చన్నీళ్ళు మీద పడితే వణుకుతాం. చెడు వార్త వింటే వెంట్రుకలు నిక్కబొడుచుకుంటాయి. ఎత్తు మీంచి కిందికి చూస్తే కళ్ళు తిరుగుతాయి. వీటిని ఏ తర్కమూ ఆపలేదు కాబట్టి వీటిని కోపమనో భయమనో లెక్కలో వేయకూడదంటాడు. మొదటి కదలిక దానంతట అది వస్తుంది. రెండోది మన ఒప్పుదలతో వస్తుంది: నాకు అన్యాయం జరిగింది, తిరిగి ఇవ్వాల్సిందే అని. మూడోదానికి పోయేసరికి మనం అడిగేవాళ్ళం కాదు, అది చెప్పినట్టు ఆడేవాళ్ళం. అరికాలి మంట నెత్తికెక్కాక ఎవరి మాట వింటాం? పని చెయ్యాల్సింది మొదటికీ రెండోదానికీ మధ్యే. కోపానికి అన్నిటికన్నా పెద్ద మందు ఆలస్యం చేయడం అని ఆయన అనడం అందుకే.

ఈ సంగతి తెలిశాక నాకు కలిగిన మొదటి లాభం చిన్నది, కానీ అక్కరకొచ్చేది. గుండె దడదడలాడితే నేను ఓడిపోయినట్టు కాదు. అందరి ముందు మాట్లాడటానికి లేచినప్పుడు గొంతు తడారితే, ఎవరో వెటకారంగా అన్న మాటకు చెవులు వేడెక్కితే, అప్పటికింకా ఏమీ చెడిపోలేదు. టెన్షన్ వచ్చిందని టెన్షన్ పడటం ఒకటుంది చూశారూ, అది తగ్గింది.

ఇక ఆ మధ్య చోటులో చెయ్యాల్సిన పని ఏమిటి? దగ్గరగా చూద్దాం. తెలిసిన మనిషికి ఒక మెసేజ్ పంపాను. కొంచెం ముఖ్యమైనదే. రెండు టిక్కులు నీలంగా మారాయి. జవాబు లేదు. పావుగంట గడిచింది. ఆన్‌లైన్‌లో ఉన్నట్టు చూపిస్తూనే ఉంది. ఈ పావుగంటలో లోపల నడిచిన కథ ఇలా ఉంటుంది: చూసి కూడా పలకలేదు. కావాలనే. మొన్న మీటింగ్‌లో నేనన్నది మనసులో పెట్టుకున్నట్టున్నాడు. అసలు మొదట్నుంచీ ఇంతే, పని పడితేనే నేను గుర్తొస్తాను. ఈసారి అడగనీ, చెప్తాను. చివరి మాటకు వచ్చేసరికి దవడ బిగుసుకుపోయి ఉంటుంది, వేలు ఫోన్ మీద తయారుగా ఉంటుంది. బయట జరిగింది మాత్రం ఏమీ లేదు.

ఇలాంటప్పుడు నేను చేసేది కాగితం మధ్యలో గీత కొట్టడం. ఎడమవైపు జరిగింది: మెసేజ్ చూశాడు, పావుగంట అయింది, జవాబు రాలేదు. కుడివైపు నేను కలిపింది: మిగతా అంతా. ఎడమవైపు ఎప్పుడూ రెండు మూడు ముక్కలకు మించదు. కుడివైపు కాగితం చాలదు. ఇది నా సొంత తెలివేమీ కాదు. ఎపిక్టెటస్ శిష్యులకు రోజూ చెయ్యమని చెప్పిన అభ్యాసం. ఫలానావాడి ఓడ మునిగింది. ఏం జరిగింది? ఓడ మునిగింది. ఫలానావాణ్ణి జైలుకు తీసుకుపోయారు. ఏం జరిగింది? జైలుకు తీసుకుపోయారు. 'పాపం, వాడి బతుకు చెడింది' అన్న ముక్క ఉందే, అది ప్రతివాడూ తన వైపునుంచి కలుపుకునేది.

ఇక్కడ చాలామంది తప్పుగా అర్థం చేసుకుంటారు కాబట్టి ఒక మాట. కుడివైపు ఉన్నదంతా అబద్ధమని స్టోయిక్కులు అనలేదు. నిజం కావచ్చు. ఆ మనిషి నిజంగానే నన్ను పట్టించుకోకపోవచ్చు. ఇంకా పరీక్ష కాలేదు, అంతవరకే. మనసులోకి దూసుకొచ్చే తలపుతో ఎపిక్టెటస్ మాట్లాడమన్న తీరు నాకు భలే ఇష్టం: కొంచెం ఆగు, నువ్వెవరివో, దేని గురించి వచ్చావో చూడనీ, నిన్ను పరీక్షించనీ. గుమ్మంలో నిలబెట్టి అడిగినట్టు. మంచి మంచి ఊహలు చేసుకోండి, అంతా మన మంచికే అనుకోండి అని చెప్పే పాజిటివ్ థింకింగ్‌కూ దీనికీ పొంతన లేదు. కుడివైపు చెడ్డ కథను చెరిపి అక్కడే తీపి కథ రాసుకుంటే అదీ మనం కలిపిందే.

20వ శతాబ్దంలో మానసిక చికిత్సకు ఈ పద్ధతి ఎక్కిందన్నది తెలిసిన సంగతే. 1950లలో ఆల్బర్ట్ ఎల్లిస్, 1960లలో ఆరన్ బెక్ మొదలుపెట్టిన చికిత్సా విధానాల వెనక 'మనల్ని కలవరపెట్టేవి జరిగినవి కావు, వాటి మీద మన తీర్పులు' అన్న ఎపిక్టెటస్ మాట ఉంది. ఇద్దరూ ఆ బాకీ ఒప్పుకున్నారు. అలాగని డిప్రెషన్‌తో మంచం పట్టిన మనిషి చేతిలో ఎపిక్టెటస్‌ను పెట్టి పొమ్మనడం తప్పు. అక్కడ డాక్టరు కావాలి.

స్టోయిక్కుల నుంచి అందరికీ తెలిసిన ముక్క ఇంకొకటి: కొన్ని మన చేతిలో ఉన్నాయి, కొన్ని లేవు. ఎపిక్టెటస్ బోధల సారాన్ని కూర్చిన చేతిపుస్తకంలో మొదటి వాక్యమే ఇది. నా దృష్టిలో దీని అంత దుర్వినియోగం అయిన వాక్యం ఆ సాహిత్యంలో ఇంకొకటి లేదు. 'అది నా చేతిలో లేదు' అని చేతులు దులుపుకోవడానికి ఇది ఎంత వీలుగా ఉంటుందో! ఆఫీసులో అన్యాయం జరుగుతోంది, నా చేతిలో లేదు. స్నేహితుడు తప్పుదోవ పడుతున్నాడు, నా చేతిలో లేదు. పరీక్ష ఫలితం నా చేతిలో లేదు కాబట్టి చదివినా చదవకపోయినా ఒకటే. ఇది తత్వం కాదు, బద్ధకానికి వేసిన పెద్దమనిషి వేషం.

రోమన్ వక్త, రచయిత సిసెరో స్టోయిక్కుల వాదాన్ని చెప్పేటప్పుడు విలుకాడి ఉదాహరణ ఇస్తాడు. విలుకాడు గురి తప్పకుండా ఉండటానికి తను చెయ్యగలిగింది సర్వమూ చేస్తాడు. నిలబడే తీరు, చూపు, ఊపిరి, వింటినారి విడిచే క్షణం. బాణం చేతి నుంచి వెళ్ళాక గాలి వీస్తే అది అతని పని కాదు. లక్ష్యానికి తగలడం కోరదగ్గదే, దాన్నే ఎంచుకుని కొడతాడు కూడా. కానీ అతని పని బాగా కొట్టడంతో పూర్తయింది. ఈ ఉదాహరణలో జనం గాలి ముక్కను గుర్తుపెట్టుకుంటారు, చెయ్యగలిగింది సర్వమూ అన్న ముక్కను మర్చిపోతారు. బరువంతా ఉన్నది అక్కడే.

భగవద్గీతలో చెప్పిందే కదా ఇది అని వెంటనే ఎవరో ఒకరు అంటారు. పోలిక ఉంది, కాదనను. ఫలం మీద యావ తగ్గించుకుని పనిలో దిగమనడం రెండుచోట్లా ఉంది. కానీ కింద ఉన్న నేల వేరు. అక్కడ కర్మను ఈశ్వరుడికి అర్పించడం ఉంది, మోక్షం ఉంది. స్టోయిక్కులకు మంచిగా ప్రవర్తించడమే మొత్తం లాభం, దాని అవతల అందుకోవాల్సింది ఇంకేమీ లేదు. రెండింటినీ కలిపి ఒకే ముద్ద చేస్తే రెండింటికీ అన్యాయమే.

'చేతిలో లేదు' అన్న మాటను స్టోయిక్కులు ఎలా వాడారో చూడాలంటే హెల్విడియస్ ప్రిస్కస్ దగ్గరికి పోవాలి. రోమన్ సెనేట్ సభ్యుడు. చక్రవర్తి వెస్పాసియన్ సెనేటుకు రావద్దని కబురు పెట్టాడు. ఎపిక్టెటస్ చెప్పిన సంభాషణ ఇది: 'నన్ను సభ్యుడిగా తీసెయ్యడం నీ చేతిలో ఉంది. సభ్యుడిగా ఉన్నంతవరకు రావడం నా విధి.' 'సరే, వచ్చి నోరు మూసుకుని కూర్చో.' 'నా అభిప్రాయం అడక్కు, మూసుకుంటాను.' 'అడగక తప్పదే.' 'అయితే నాకు న్యాయమనిపించింది చెప్పక తప్పదు.' 'చెప్తే చంపుతాను.' 'నేను చావులేనివాణ్ణని నీకెప్పుడు చెప్పాను? నీ పని నువ్వు చెయ్యి, నా పని నేను చేస్తాను.' చివరికి ఆయన్ను వెళ్ళగొట్టారు, చంపారు. మన చేతిలో ఉన్నదేదో, లేనిదేదో విడదీసుకోవడం ఈయన్ని ఇంట్లో కూర్చోబెట్టలేదు. సభకు నడిపించింది.

మన కాలానికి దగ్గరగా కావాలంటే జేమ్స్ స్టాక్‌డేల్. అమెరికా నేవీ పైలట్. 1965 సెప్టెంబరు 9న ఉత్తర వియత్నాం మీద ఆయన విమానం కూలింది. పారాచూట్‌తో దిగుతూనే, టెక్నాలజీ ప్రపంచాన్ని వదిలి ఎపిక్టెటస్ ప్రపంచంలోకి పోతున్నానని తనకు తాను చెప్పుకున్నాడు. 1973 దాకా ఖైదులో ఉన్నాడు, అందులో నాలుగేళ్ళకు పైగా ఒంటరి గదిలో. కాలు విరిగింది. హింసించారు. అయినా గోడల మీద తట్టే సంకేతాలతో తోటి ఖైదీలను కలుపుకుని, ఏం చెప్పొచ్చు ఏం చెప్పకూడదు అని నియమాలు పెట్టి నడిపించాడు. ఏ యుద్ధం న్యాయమైనదన్న చర్చ వేరు. గదిలో సంకెళ్ళతో ఉన్న మనిషి 'నా చేతిలో ఉన్నది' అన్న జాబితాను ఎంత పొడుగ్గా రాసుకున్నాడో, అదీ నేను చూసేది.

సరే, గాడి తప్పకూడదు అంటున్నాం. అసలు గాడి ఏది? ఇది చెప్పకుండా మనశ్శాంతి గురించి ఎంత మాట్లాడినా గాలి మాటలే. ఎపిక్టెటస్ సమాధానం చాలా మామూలుగా ఉంటుంది: నువ్వెవరివో చూసుకో. మనిషివి, ఒక సమాజంలో ఒకడివి, ఒకరి కొడుకువి, ఒకరి అన్నవి, ఫలానా పనిలో ఉన్నావు. ఒక్కో పేరూ ఏం అడుగుతోందో అదే నీ దారి. మా నాన్న మంచివాడు కాదే అని శిష్యుడు అడిగితే, ప్రకృతి నిన్ను మంచి నాన్నతో ముడివేస్తానని మాటిచ్చిందా, నాన్నతో ముడివేసింది అంటాడు. ఆయన ఎలా ఉన్నాడన్నది ఆయన లెక్క, కొడుకుగా నువ్వెలా ఉన్నావన్నది నీ లెక్క. వినడానికి కటువుగా ఉంటుంది. హింసించే తల్లిదండ్రుల విషయంలో దీన్ని ఇలాగే తీసుకోమని నేనెవరికీ చెప్పను, దూరం జరగడమే సరైన పని అయ్యే ఇళ్ళున్నాయి. కానీ మామూలు మనస్పర్థల్లో ఇది బాగా పనిచేస్తుంది. 'వాడు ముందు ఫోన్ చెయ్యనీ' అని ఇద్దరూ కూర్చున్న చోట ఏళ్ళు గడిచిపోవడం మనకు తెలుసు. ప్రతిదానికీ రెండు పిడులుంటాయనీ, అన్న నీకు అన్యాయం చేస్తే అన్యాయమన్న పిడి పట్టుకుని ఎత్తలేవనీ, కలిసి పెరిగినవాడన్న పిడి పట్టుకోమనీ ఆయన అన్నాడు.

నాకు వీటన్నిటికన్నా ఎక్కువ అక్కరకొచ్చింది చేతిపుస్తకంలోని నాలుగో ముక్క. దాని మీద పోస్టర్లు లేవు, ఎందుకంటే అది స్నానశాల గురించి. రోమన్ పట్టణాల్లో జనం బహిరంగ స్నానశాలలకు పోయేవాళ్ళు. ఎపిక్టెటస్ అంటాడు: స్నానానికి బయల్దేరే ముందు అక్కడేం జరుగుతుందో కళ్ళ ముందు పెట్టుకో. నీళ్ళు చిమ్మేవాళ్ళుంటారు, తోసేవాళ్ళుంటారు, తిట్టేవాళ్ళుంటారు, బట్టలు ఎత్తుకుపోయేవాళ్ళుంటారు. అప్పుడు చెప్పుకో: నాకు స్నానం చెయ్యాలనీ ఉంది, నా మనసును సరిగ్గా ఉంచుకోవాలనీ ఉంది. ఎవడైనా అడ్డొస్తే, నేను స్నానం ఒక్కటే కోరి రాలేదు కదా, ఇక్కడ జరిగేవాటికి మండిపడితే రెండోది పోగొట్టుకుంటాను కదా అనుకో.

ఒకటి గమనించండి. స్నానానికి పోవద్దనలేదు. అక్కడివాళ్ళను మార్చమనలేదు. అందరూ మంచివాళ్ళే అనుకోమని కూడా అనలేదు. బయల్దేరే ముందు రెండు కోరికలు చెప్పుకోమన్నాడు. మనం గొడవపడే చోట్లన్నిట్లోనూ మొదటి కోరిక ఒక్కటే చెప్పుకుని పోతాం. మీటింగ్‌కు పోయేటప్పుడు 'నా ప్రతిపాదన ఒప్పుకోవాలి' అన్నదొక్కటే ఉంటుంది. అక్కడ ప్రతిసారీ మాటకు అడ్డుపడే ఒకరున్నారనీ, ఫోన్ చూసుకుంటూ చివర్లో 'మళ్ళీ మొదట్నుంచి చెప్తారా' అనే ఇంకొకరున్నారనీ మనకు ఏళ్ళ తరబడి తెలుసు. అయినా ప్రతిసారీ మొదటిసారి జరిగినట్టు ఉడికిపోతాం. తెలిసిన సంగతికి ఆశ్చర్యపోవడంలో మనల్ని మించినవాళ్ళు లేరు.

కాబట్టి తలుపు తీసే ముందు అర నిమిషం. ఎవరెవరు ఏం చేస్తారో పేరు పేరునా ఊహించుకోవడం, రెండో కోరికను మాటల్లో చెప్పుకోవడం: ప్రతిపాదన ఒప్పించాలి, ఒప్పుకోకపోయినా ఆ గదిలోంచి నోరు జారని మనిషిగా బయటికి రావాలి. దీనికీ ముందే భయపడటానికీ తేడా ఉంది. భయపడేటప్పుడు 'అలా జరిగితే ఎలా' దగ్గరే బుర్ర తిరుగుతూ ఉంటుంది. ఇక్కడ 'అలా జరుగుతుంది, అప్పుడు నేను చేసేది ఇది' అని వాక్యం పూర్తవుతుంది. పూర్తికాని వాక్యమే నిద్ర పట్టనివ్వదు. పెద్ద పెద్ద ఆపదల కోసం రోజూ ఇలా రిహార్సల్ వేసుకోమనేవాళ్ళూ ఉన్నారు. నేను అంత దూరం పోను. ఎల్లుండి రాబోయే చిరాకులకు ఇది సరిగ్గా సరిపోతుంది, అంతే.

మార్కస్ తన నోటుపుస్తకం రెండో భాగం మొదట్లో ఇలాగే చేస్తాడు. ఈ రోజు నాకు కల్పించుకునేవాళ్ళు, కృతఘ్నులు, పొగరుబోతులు, మోసగాళ్ళు, అసూయపరులు ఎదురవుతారు. ఆ వాక్యం అందరికీ నచ్చుతుంది, పంచుకుంటారు. ఎదుటివాళ్ళను తిట్టుకోవడానికి తత్వశాస్త్రం లైసెన్సు ఇచ్చినట్టు ఉంటుంది కదా. దాని తర్వాతి వాక్యాలు ఎవరూ పంచుకోరు. వీళ్ళు నాకు బంధువులు, ఒకే బుద్ధిలో పాలుపంచుకున్నవాళ్ళు. రెండు పాదాల్లా, రెండు చేతుల్లా, కనురెప్పల్లా, పై వరస కింది వరస పళ్ళలా కలిసి పనిచెయ్యడానికే పుట్టాం, ఒకరికొకరు ఎదురు తిరగడం ప్రకృతికి విరుద్ధం అంటాడు. ఆయన తయారయ్యేది వాళ్ళ నుంచి తప్పించుకోవడానికి కాదు, వాళ్ళతో కలిసి పనిచెయ్యడానికి. సగం కోసి పంచితే మందు కాస్తా విషమవుతుంది.

పొద్దున ఇది, రాత్రికి సెనెకా. దీపం తీసేశాక, తన అలవాటు తెలిసిన భార్య మాట్లాడటం ఆపేశాక, రోజంతా చేసినవీ అన్నవీ ఒక్కొక్కటే వెనక్కి నడిచి చూసుకుంటానని రాశాడు. ఏమీ దాచుకోనంటాడు. ఉదాహరణకు ఆయన ఇచ్చినవి చూడండి: ఆ వాదనలో మరీ పోట్లాటగా మాట్లాడావు. ఆ మనిషిని మందలించాల్సిన దానికన్నా ఎక్కువ బాహాటంగా మందలించావు, దాంతో అతను దిద్దుకోలేదు, నొచ్చుకున్నాడు. విందులో నీకు తక్కువ స్థానం ఇచ్చారని ఆతిథ్యం ఇచ్చినవాడి మీద మండిపడ్డావు. నీరో చక్రవర్తికి చదువు చెప్పిన మనిషి, విందులో కూర్చోబెట్టిన చోటు గురించి తనను తాను నిలదీసుకుంటున్నాడు! ఆ చిన్నతనాన్ని దాచకుండా రాయబట్టే ఆయన్ని నమ్మబుద్ధవుతుంది. ఇంకా ముఖ్యమైనది ఆ విచారణ ముగించే తీరు: మళ్ళీ ఇలా చెయ్యకు, ఈసారికి క్షమిస్తున్నాను. రాత్రిపూట తప్పులు తలుచుకోవడం మనమంతా చేస్తాం. క్షమించే ముక్క లేకుండా చేస్తాం కాబట్టి అది విచారణ కాక వేధింపుగా మారుతుంది.

సెనెకా పేరెత్తగానే ఒక అభ్యంతరం తప్పదు. నిరాడంబరత గురించి రాసిన ఆయన అపార సంపన్నుడు. నీరో కొలువులో ఏళ్ళ తరబడి ఉన్నాడు, చివరికి క్రీ.శ. 65లో ఆ నీరో ఆజ్ఞ మీదే ప్రాణం తీసుకున్నాడు. ఆ కొలువులో ఆయన కళ్ళు మూసుకున్నవి చాలానే ఉన్నాయి. నేను వెనకేసుకురాను. ఆయన చెప్పిన పద్ధతి పనిచేస్తుందా అన్నది మాత్రం వేరే ప్రశ్న, దానికి జవాబు ఆయన జీవితంలో కాకుండా మన రాత్రుల్లో దొరుకుతుంది.

నాకు నిజంగా కోపం తెప్పించే అభ్యంతరం ఇంకొకటి ఉంది, అది స్టోయిక్కుల మీద కాదు, వాళ్ళను వాడుకునేవాళ్ళ మీద. ఇద్దరి పని ఒకరితో చేయించే సంస్థ ఒత్తిడిని తట్టుకోవడం గురించి ఒక పూట శిక్షణ పెట్టి, అందులో ఎపిక్టెటస్‌ను చూపిస్తుంది. సమస్య పనిలో లేదు, మీరు చూసే చూపులో ఉంది అని. ఎపిక్టెటస్ బానిసగా బతికినవాడు. ఆ మాటలు తన కోసం తాను, తన దగ్గరకు అడిగి వచ్చినవాళ్ళ కోసం చెప్పాడు. యజమాని నోటి నుంచి బానిసకు అదే మాట వస్తే అర్థం తలకిందులవుతుంది. ఈ తత్వం సొంతానికి వేసుకోవాల్సిన మందు. ఎదుటివాడి నోట్లో పోయకూడదు. కష్టంలో ఉన్న స్నేహితుడితో 'అదంతా నీ తీర్పే' అనడం పుండు మీద కారం చల్లడం. వాడి విషయంలో నా పని వినడం, చేతనైతే సాయం చెయ్యడం. న్యాయం అన్నది స్టోయిక్కుల నాలుగు ప్రధాన సుగుణాల్లో ఒకటి, వివేకం, ధైర్యం, నిగ్రహంతో సమానంగా. నిగ్రహం ఒక్కదాన్నే కోసుకుని తెచ్చుకున్నవాళ్ళు ఈ లెక్క చూడరు.

ఇక నేను వాళ్ళతో విడిపోయే చోటు. ఎపిక్టెటస్ అంటాడు: నీకిష్టమైన కుండ ఉంటే, ఇది కుండ అని గుర్తుంచుకో, పగిలితే కలవరపడవు. అక్కడిదాకా బాగానే ఉంది. వెంటనే, బిడ్డను ముద్దు పెట్టుకునేటప్పుడు చావున్న మనిషిని ముద్దు పెట్టుకుంటున్నానని చెప్పుకో, పోయినా కలవరపడవు అంటాడు. ఎన్నిసార్లు చదివినా ఈ రెండో ముక్క నాకు మింగుడుపడదు. సమర్థించేవాళ్ళు ఒక మంచి మాట చెప్తారు: శాశ్వతం కాదని గుర్తుంటే ఆ ముద్దు మరింత శ్రద్ధగా పెడతాం అని. అంతవరకు నేనూ ఒప్పుకుంటాను. కలవరపడవు అన్న హామీనే నమ్మలేను, నమ్మాలనీ లేదు. మార్కస్ ఈ మాటనే తన నోటుపుస్తకంలో ఎత్తి రాసుకున్నాడు. అది అపశకునం కదా అన్న ప్రశ్ననూ, సహజమైనదేదీ అపశకునం కాదన్న ఎపిక్టెటస్ జవాబునూ దాని వెంటే రాసుకున్నాడు. కన్న బిడ్డల్లో ఎక్కువమందిని చిన్నప్పుడే పోగొట్టుకున్న తండ్రి రాసుకున్న మాట అది. అది హామీలా వినిపించదు నాకు, పట్టు కోసం వెతుక్కుంటున్న చెయ్యిలా వినిపిస్తుంది.

మార్కస్ కుర్రతనం గురించి ఒక పాత రోమన్ చరిత్ర గ్రంథంలో కథ ఉంది. తనను పెంచిన గురువు పోతే కుర్రవాడు ఏడుస్తున్నాడు. కొలువులోవాళ్ళు అలా ఏడవకూడదని ఆపబోతే పెంపుడు తండ్రి ఆంటొనైనస్ పయస్ అడ్డుకున్నాడట: వాణ్ణి మనిషిగా ఉండనివ్వండి, తత్వశాస్త్రమైనా సామ్రాజ్యమైనా ప్రేమను తీసేయలేవు. ఆ గ్రంథాన్ని అన్నిచోట్లా నమ్మలేమని చరిత్రకారులే అంటారు. అయినా ఎపిక్టెటస్ కుండ వాక్యం పక్కన పెట్టి నాకు ఏది సరిపోతుందని అడిగితే నేను ఆంటొనైనస్ వైపే. దుఃఖం విషయంలో మొదటి కుదుపుకూ ఒప్పుదలకూ మధ్య గీత అంత తేలిగ్గా దొరకదు. దొరకాలని పట్టుబట్టడం కూడా నాకు సబబుగా తోచదు. చిరాకులకు, కోపాలకు, పరువు గొడవలకు, రాబోయేవాటి మీద భయాలకు వీళ్ళ పద్ధతి పనిచేస్తుంది. మామూలు రోజును పక్కకు లాగేవి ఎక్కువగా అవే కదా.

చదవాలనుకుంటే చాలామంది మార్కస్‌తో మొదలుపెట్టి మధ్యలో ఆపేస్తారు. అది ఆయన తనకు చెప్పుకున్నది, మనకు చెప్పింది కాదు, ఒక్కో మాటా పదేపదే వస్తుంది. సెనెకా తన స్నేహితుడు లుసీలియస్‌కు రాసిన 124 ఉత్తరాలతో మొదలుపెట్టడం మేలు. స్నానశాల పైగదిలో ఉంటూ, కింద బరువులెత్తేవాళ్ళ మూలుగులూ మాలిష్ చేసేవాళ్ళ చరుపులూ చెవుల మీదే విరక్తి పుట్టిస్తాయని ఏకరువు పెట్టే 56వ ఉత్తరం ముందు చదవండి. ఎంత గోలలోనైనా మనసు కుదురుగా ఉంటే చాలని దాని నిండా వాదించి, చివర్లో ఇల్లు మారిపోతున్నానంటాడు.